‘ఉండాది’ నేర్చుకున్న రోజులు

మా నాన్నగారు తెలుగు పండితుడు. తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు పిల్లల వ్యాకరణ దోషాలు దిద్దారు. ఇంట్లో మేము నలుగురం పిల్లలం. మా దోషాలు దిద్దడం ఆయనకు సెలవురోజుల పని. ఒకసారి నేను "వెళ్ళిపోద్ది" అన్నానని, "వెళ్ళిపోతుంది" అని పలకమీద వందసార్లు రాయించారు. అలాంటి మనిషి నన్ను బెంగుళూరు సంబంధానికి ఇచ్చారంటే దానికొక కారణం ఉంది.

ఆ సంబంధం ఒక దూరపు బంధువు తెచ్చాడు. పెళ్ళికొడుకు వాళ్ళు ఎప్పుడో ముత్తాతల కాలంలో మైసూరు రాజ్యానికి వలస వెళ్ళి, చిక్కపేటలో పట్టుదారం, జరీ అమ్ముకుంటూ స్థిరపడిన తెలుగువాళ్ళు. వెళ్ళి ఎన్ని తరాలైందో వాళ్ళకే సరిగా తెలియదు. "అయినా ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతారట" అన్నాడు బంధువు. అంతే, మా నాన్నగారి కళ్ళు చెమర్చాయి. పరాయి రాజ్యంలో మాతృభాషను కాపాడుకుంటున్న మహానుభావులని ఆ పూట భోజనాల దగ్గర మాకు ఉపన్యాసం ఇచ్చారు. పెళ్ళికొడుకు తండ్రి రాసిన మొదటి ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. టైపు కొట్టించి కింద సంతకం పెట్టారు. మా నాన్నగారు దాన్ని జేబులో పెట్టుకుని స్కూల్లో అందరికీ చూపించి, "ఎంత పెద్దింటివాళ్ళో చూడండి" అన్నారు. వాళ్ళకు తెలుగు రాయడం రాదు కనక ఇంగ్లీషులో రాయించారన్న ఊహ మాలో ఒక్కరికీ రాలేదు.

అది నలభై రెండో సంవత్సరం. విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయని కోస్తా అంతా గగ్గోలుగా ఉంది. పిల్లను సముద్రానికి దూరంగా ఇచ్చేస్తే మంచిదని మా అమ్మ కూడా ఒప్పుకుంది. నాకప్పుడు పదిహేడేళ్ళు. పెళ్ళయిన పదోరోజున బెంగుళూరు సిటీ స్టేషన్లో దిగాను. నా పెట్టెలో పై వరసలో చీరలు, కింద మూడు వరసల పుస్తకాలు ఉన్నాయి.

మా అత్తవారిల్లు కబ్బన్‌పేటలో ఒక సన్నని వీధిలో ఉండేది. పక్కిళ్ళలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా మగ్గాల చప్పుడు. ఇంట్లో మనుషులు ముగ్గురే: అత్తగారు, మామగారు, మావారు. మావారు యుద్ధం పుణ్యమా అని కొత్తగా పెట్టిన విమానాల ఫ్యాక్టరీలో యంత్రభాగాల బొమ్మలు గీసే ఉద్యోగంలో చేరారు. తెల్లవారుతూనే సైకిలెక్కితే మళ్ళీ దీపాలవేళకే రాక.

మొదటిరోజు పొద్దున మా అత్తగారు వంటింట్లోంచి తొంగి చూసి నన్ను మొట్టమొదటి ప్రశ్న అడిగింది.

"ఏమప్పా, తిండి అయిందా?"

నేను రెండు రకాలుగా నొచ్చుకున్నాను. ఒకటి, ఆడపిల్లనైన నన్ను "అప్పా" అనడం. రెండోది, "తిండి". మా ఇంట్లో మనుషులు ఫలహారం చేసేవాళ్ళు, భోజనం చేసేవాళ్ళు. తిండి అన్న మాట పాలేరు గొడ్ల విషయంలోనే వాడేవాడు. అక్కడ తిండి అంటే పొద్దుటి ఇడ్లీ, ఉప్మా అనీ, ఊరంతా ఒకరినొకరు గౌరవంగానే అలా పలకరించుకుంటుందనీ నాకు తెలియదు. "లేదండీ" అన్నాను ముక్కుబిగించి.

"అయితే ముందు బచ్చలింట్లోకి పోయి మొగం కడుక్కో పో. నీళ్ళు కాగి ఉండాయి" అంది ఆమె.

నేను పెరట్లోకి వెళ్ళి బచ్చలితీగ కోసం వెతికాను. అక్కడ తులసికోట, ఒక సన్నజాజి తీగ తప్ప ఏమీ లేవు. కాసేపటికి మా అత్తగారే వచ్చి చెయ్యి పట్టుకుని స్నానాలగదికి తీసుకుపోయింది. బచ్చలిల్లు అంటే అదేనట.

ఆ వారంలో నా చెవులకు విశ్రాంతి లేకపోయింది. అక్కడ నీళ్ళు "స్వల్ప" కావాలి, ఉప్పు "జాస్తి" అయింది, బాగున్న కూర "చెన్నాగుండాది", మామగారు "అంగట్లో ఉండారు". వినడానికి నాకు ఒళ్ళు మండేది. వాళ్ళకు నా బాధ మరోలా కనిపించింది. నేను మాటకొకసారి "అండీ" అనేదాన్ని. మూడోరోజున మా అత్తగారు మామగారితో అనడం విన్నాను.

"ఈ బిడ్డ అన్నిటికీ అండీ అండీ అంటా ఉండాది. ఉప్పు తెచ్చియ్యి అంటే 'సరేనండీ' అంటాది. నేనేమి అమల్దారునా? ఇంట్లో మనిషి మాదిరి మాట్లాడదు."

"దూరం నుంచి వచ్చింది కదా. పోను పోను తగ్గుతాదిలే" అన్నారు మామగారు, నాకేదో జ్వరం వచ్చినట్టు.

నాకు నిజంగానే జ్వరం వచ్చినట్టుండేది. మాట్లాడేది తెలుగే కనక పరాయిదేశం వచ్చానని చెప్పుకుని ఏడవడానికి వీల్లేదు. మా అమ్మకు ఉత్తరం రాస్తే, తెలుగువాళ్ళింట్లోనే ఉన్నావు కదా, ఇంకేం కావాలి అని జవాబు వచ్చేది. అలా నాలుగు నెలలు గడిచాక నేను చేసిన పని కథ రాయడం.

మద్రాసు నుంచి నాకొక స్త్రీల పత్రిక వచ్చేది. దానికి మా నాన్నగారు చందా కట్టి పంపించారు. నేను రాసిన కథలో తెలుగుగడ్డ మీదినుంచి ఒక సుకుమారి బెంగుళూరు కాపురానికి వస్తుంది. అక్కడి అత్తగారు తెలుగు అనుకుంటూ మాట్లాడే భాషకు ఆమె ప్రాణం విసిగిపోతుంది. బచ్చలింటి సంగతి పెట్టాను. తిండి సంగతి పెట్టాను. ఒకరోజు మా అత్తగారు గోంగూర అంటూ ఏదో ముదురాకు తెచ్చి, దానికి "పుండి సొప్పు" అని పేరు చెప్పి, బెల్లం వేసి పులుసు కాచింది. "పుండు పేరు పెట్టుకున్న ఆకును ఎవరు తింటారు?" అని నా కథలో కోడలు మనసులో అనుకుంటుంది. ఆ వాక్యం రాసి నేనే నవ్వుకున్నాను. అత్తగారి నోట ప్రతి మాట చివరా "ఉండాది" తగిలించాను.

రాసిన కాగితాలు మావారికి ఇచ్చి పోస్టు చెయ్యమన్నాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏం రాసినావు?"

"కథ."

"చెన్నాగుండాది" అన్నారు. ఆయన చదివిన బళ్ళో కన్నడం, ఇంగ్లీషు తప్ప తెలుగు లేదు. చదవకుండానే మెచ్చుకున్న ఆ మొదటి పాఠకుణ్ణి నేను ఎన్నటికీ మరిచిపోలేను.

రెండు నెలలకు కథ అచ్చయింది. ఆ తరువాతి సంచికలో గుంటూరు నుంచి, ఏలూరు నుంచి ఉత్తరాలు పడ్డాయి. కడుపుబ్బ నవ్వామన్నారు, పరాయిచోట మన భాష పడుతున్న పాట్లు కళ్ళకు కట్టాయన్నారు. మా నాన్నగారు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. నేను రచయిత్రినైపోయాను. పత్రిక దాచాల్సిన అవసరం కూడా కనబడలేదు. చావడిలో మామగారు కూర్చునే బల్లమీద అందరికీ కనబడేలా పెట్టాను. ఆ ఇంట్లో ఎవరికీ చదవడం రాని భాషలో వాళ్ళను వెక్కిరించిన ధైర్యం నాది.

ఒక మధ్యాహ్నం నేను బట్టలు ఆరేసి లోపలికి వచ్చేసరికి మా అత్తగారు కిటికీ దగ్గర చాపమీద కూర్చుని ఉంది. ఒళ్ళో నా పత్రిక ఉంది. చూపుడువేలు పేజీమీద పెట్టి, పెదవులు కదుపుతూ మెల్లగా చదువుతోంది. ఆమె రోజూ కన్నడంలో భారతం చదువుకునే పద్ధతీ అదే.

"అత్తయ్యగారూ, అది తెలుగండీ" అన్నాను.

"తెలుసులేప్పా. మీ అక్షరాలు మా అక్షరాలు అక్కచెల్లెండ్లే కదా. మావి నెత్తిన పేటా రుమాలు కట్టుకుని ఉంటాయి, మీవి పిలక పెట్టుకుని ఉంటాయి, అంతే. ఈ 'క' ఒకటే మొండిది. మిగతావన్నీ ఒక నెలకి దారికొచ్చినాయి."

"నెల నుంచి చదువుతున్నారా?"

"ఈ కథనే మూడుసార్లు చదివితిని." ఆమె పత్రిక మూయలేదు. "ఈ కథలో ఉండే అత్త నేనే కదా?"

నా చేతిలో ఖాళీ బుట్ట ఉంది. దాన్ని కింద పెట్టాలని కూడా తోచలేదు. ఆమె ముఖంలో కోపం వెతికాను. అక్కడ కోపం లేదు. మా నాన్నగారు పరీక్ష కాగితం చేతిలో పట్టుకున్నప్పుడు ఎలా ఉండేవారో అలా ఉంది ఆమె.

"ఇదో, ఈడ చూడు" అంది ఒక వాక్యం మీద వేలుపెట్టి. "మా ఇంటాయనను గురించి నేను 'ఆయన అంగట్లో ఉండాది' అన్నట్టు రాస్తివి. నేను ఎప్పుడు అట్లంటిని? కట్టుకున్నోణ్ణి 'ఉండాది' అంటారా ఎవరైనా? గొడ్డు ఉండాది, చెంబు ఉండాది. ఆయన ఉండారు. ఇంగో, ఈడ 'పిల్లోళ్ళు ఉండాది' అని ఉండాది. పిల్లోళ్ళు ఉండారు అనల్ల. నీకు మా మాట రాదు. రాని మాట ఏల రాయల్ల?"

నేను తెలుగు పండితుడి కూతుర్ని. నా జీవితంలో మా నాన్నగారు తప్ప ఎవరూ నా మాటలో వచనదోషం, లింగదోషం పట్టుకోలేదు. "ఉండాది" అన్నది ఒక మాట కాదనీ, దానికో వరస ఉందనీ నేను అనుకోనేలేదు. నవ్వు పుట్టించే తోకలాగా దొరికినచోటల్లా తగిలించాను. నా చెవి అన్ని నెలలు ఆ ఇంట్లో ఉండి కూడా ఏమీ వినలేదు.

"తప్పయిందండీ" అన్నాను.

"వెక్కిరించినందుకు కాదు నేను చెప్పేది. వెక్కిరించు, నా మాటకు నేనే నవ్వుకుంటిని. కానీ సరిగ్గా వెక్కిరించల్ల. కూచో, చెప్తాను."

ఆ మధ్యాహ్నం చాపమీద కూర్చుని నేను మళ్ళీ చదువుకున్నాను. నేను ఉండాను, నువ్వు ఉండావు, వాడు ఉండాడు, ఆమె ఉండాది, వాళ్ళు ఉండారు, అవి ఉండాయి. ఆమె చెప్తుంటే నేను తిప్పి చెప్పాను. "ఆ, ఇప్పుడు చెన్నాగుండాది" అని ఆమె కాఫీ కాచడానికి లేచింది. నేను లోపలికి పోయి నా మొదటి కథ మళ్ళీ తీసి చూసుకుంటే పదిహేడు తప్పులు కనిపించాయి. ఏలూరు పాఠకులు కడుపుబ్బ నవ్వింది ఎక్కువగా ఆ పదిహేడు చోట్లేనని కూడా అర్థమైంది.

తర్వాత రెండో కథ రాశాను. ఇందులో అత్త, కోడలు ఇద్దరూ రేషను బియ్యం కోసం వరసలో నిలబడి ఒకరికొకరు చెప్పుకునే కబుర్లే కథ. ఒక్కో మాటా మా అత్తగారికి వినిపించి, ఆమె సరే అన్నాకే రాసుకున్నాను. కథలో నవ్వించే ప్రయత్నం పెద్దగా లేదు. మద్రాసు నుంచి సంపాదకుడి ఉత్తరం వచ్చింది. కథ చాలా బాగుందట. "మీ పాత్రల సంభాషణల్లో దొర్లిన భాషాదోషాలను మేమే సవరించి ప్రచురిస్తున్నాము. ఇకముందు జాగ్రత్త వహించగలరు" అని రాశాడు.

అచ్చయిన పత్రిక రాగానే మా అత్తగారే ముందు తీసుకుంది. అప్పటికి ఆమెకు 'క' కూడా లొంగిపోయింది. ఒక పేజీ చదివి నన్ను పిలిచింది.

"ఎవరప్పా ఈమె?"

"అత్తే."

"ఎవరి అత్త? 'బియ్యం అయిపోయాయటండీ, రేపు రమ్మంటున్నారండీ' అంటా ఉండాది. మీ అమ్మను తెచ్చి ఈ వరసలో నిలబెడితివా ఏమి?"

నేను సంపాదకుడి ఉత్తరం చదివి వినిపించాను. తప్పుగా రాసినదాన్ని ముట్టుకోకుండా వేశారనీ, సరిగ్గా రాసినదాన్ని తప్పని దిద్దారనీ ఆమెకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక నవ్వింది. చాలాసేపు నవ్వి, కళ్ళు తుడుచుకుని, "అయితే ఈతూరి నేను చెప్తాను. నువ్వు రాయి. నీ కథకు జవాబు అనుకో. ఒక్క మాట మార్చొద్దు" అంది.

వారం రోజులు పట్టింది. మధ్యాహ్నం పూట ఆమె మామగారి అంగడికి పంపాల్సిన పట్టుదారం చుట్టలు సవరిస్తూ చెప్పేది, నేను పక్కన కూర్చుని రాసేదాన్ని. కథ ఇలా మొదలైంది: "ఒక ఇంటికి శానా దూరం నుంచి కోడలు వచ్చె. ఆమె పెట్టెలో చీరల కంటే పుస్తకాలు జాస్తి. ఆమె అందరినీ అండీ అంటాది. పాలు తెచ్చేవాణ్ణి అండీ అంటాది. ఒగనాడు మా ఆవును కూడా అండీ అంటాదేమో అని మేము చూస్తా ఉంటిమి."

నేను రాయడం ఆపి తలెత్తాను.

"రాయి రాయి" అంది. "నేను నీది చదవలేదా?"

ఆ కోడలు రాగిముద్దను చూసి, దాన్ని ఎలా కొరకాలో తెలియక చెంచా అడిగింది. ఒకరోజు తానే వంట చేస్తానని కారం వేసిన తీరుకు ఇంటిల్లిపాదీ మూడు రోజులు మజ్జిగతో బతికారు. మామగారు కళ్ళలోంచి నీళ్ళు కారుతుండగా "చెన్నాగుండాది" అని మూడుసార్లు వడ్డించుకున్నారు. ఇదంతా జరిగిందే. నేను మాత్రం ఆనాడు ఆ కన్నీళ్ళను ఆనందంగా లెక్కవేసుకుని మా అమ్మకు ఉత్తరం కూడా రాశాను. చెవులు వేడెక్కుతుంటే రాస్తూ పోయాను.

ఐదోరోజున కథ వేరేవైపు తిరిగింది.

"ఆ బిడ్డ బచ్చలింట్లో నీళ్ళు పోసుకుంటా ఏడ్చేది. నీళ్ళ సద్దులో ఎవరికీ వినపడదని అనుకుండె. అత్త విని ఏమీ అడగలేదు. అడిగితే 'ఏమీ లేదండీ' అంటాది, అంతే కదా. ఒగనాడు ఆ బిడ్డ వాళ్ళమ్మకు రాసే జాబు పైకి చదువుకుంటా ఉంటే గోంగూర అనే మాట వినపడె. అత్త దాన్ని ఎప్పుడూ చూడలేదు. సిటీ మార్కెట్లో అడిగితే ఎవరికీ తెలియదనిరి. కోలారు దిక్కు రైతులు కె.ఆర్.పురం సంతకు వస్తారు, వాళ్ళకు తెలిసి ఉంటాదని జట్కా కట్టించుకుని పోయె. ఆడ కూరాకులు అమ్మే ఆడోళ్ళందరినీ అడిగె. ఎట్లుంటాది ఆ ఆకు అంటే ఏమని చెప్పేది? పుల్లగా ఉంటాదంట, అది లేకుంటే మా కోడలు ఏడుస్తాది, ఇంతే తెలుసు అనె. చివరికి ఒక ముసిలామె, అయ్యో అది పుండి సొప్పు కదా అని, ఎండకు వాడిన ఒక కట్ట తీసిచ్చె. ఇంటికి తెచ్చి, ఎట్ల చేయల్లో తెలియక, పులుపు జాస్తి ఉంటాదని స్వల్ప బెల్లం వేసి పులుసు చేసె. కోడలు తిని, 'ఆకు ముదిరిందండీ' అనె. అవును, ముదిరిందే. అత్తకు ఏమి తెలుసు?"

ఆమె చేతులు దారం మీద ఆగలేదు. నా కలం ఆగింది. కె.ఆర్.పురం అప్పట్లో ఊరికి ఎంతో దూరం. ఆ రోజు ఆమె పొద్దుననగా పోయి సాయంత్రం దాటాక దుమ్ముకొట్టుకుని రావడం నాకు జ్ఞాపకమే. చుట్టాలింటికి వెళ్ళిందనుకున్నాను. పుండు పేరు పెట్టుకున్న ఆకు అన్న వాక్యం అచ్చులో పడి, ఊరూరా నవ్వులై, ఆమె ఒళ్ళో మూడుసార్లు చదివించుకుంది.

"నాకు చెప్పలేదేమండీ?" అన్నాను.

"ఇప్పుడు చెప్తా ఉండాను కదా. రాసినావా?"

రాశాను. ఒక్క మాట మార్చలేదు. కథ పైన ఆమె పేరే పెడతానన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"నా పేరు అచ్చులో చూస్తే మా అక్కచెల్లెండ్లు వాళ్ళ ఇంటి కతలు కూడా చెప్తాననుకుని ఈ పక్కకే రారు. నీ పేరే ఉండనీ. తిట్లు వస్తే నీకే వస్తాయి."

సంపాదకుడికి విడిగా ఒక ఉత్తరం రాశాను. ఇది ఇక్కడి తెలుగు, దోషం కాదు, మారిస్తే కథ తిప్పి పంపెయ్యండి అన్నాను. నాన్నగారి కూతురు అలాంటి ఉత్తరం రాస్తుందని నేనే అనుకోలేదు. సంపాదకుడు మార్చకుండా వేశాడు. కథ పైన చిన్న అక్షరాలతో "హాస్యకథ" అని మాత్రం తగిలించాడు.

ఆ తర్వాతి ఏడాది పురిటికి పుట్టింటికి వెళ్ళాను. రైలు దిగి ఇంట్లో అడుగుపెడుతూనే మా అమ్మను "అమ్మా, ఊట అయిందా?" అని పలకరించాను. మా అమ్మ నూతివైపు చూసింది. ఊట అంటే బెంగుళూరులో భోజనం. మా చెల్లెళ్ళు ఆ మాట పట్టుకుని ఆ ఐదు నెలలూ నన్ను వదల్లేదు. పక్కింటివాళ్ళు వచ్చి, "మీ అమ్మాయి మాట కన్నడంలాగా ఉందే, తెలుగు మరిచిపోయిందా?" అని జాలిపడ్డారు. బెంగుళూరులోనేమో మా వీధివాళ్ళు అప్పటికీ నన్ను "అండీ కోడలు" అనే పిలిచేవాళ్ళు.

మా నాన్నగారు నా మూడో కథ అప్పటికే చదివారు. నాలుగు పేజీల ఉత్తరం ఈసారి రాలేదు. ఒకరోజు వాలుకుర్చీలో కూర్చుని పిలిచారు.

"ఆ ముసలావిడ పాత్ర బాగుంది. పాత్రపోషణ నేర్చుకున్నావు. ఆ కోస్తా పిల్ల పాత్ర మాత్రం కృత్రిమం. మన పిల్లల్లో అంత అహంకారం ఉండదమ్మా. నువ్వు వాళ్ళ పక్షం చేరి మనవాళ్ళను చిన్నబుచ్చావు."

నేను తలవంచుకుని "అవునండీ" అన్నాను. ఆ పాత్ర నేనేనని చెప్పి ఆయన్ను ఒప్పించడానికి నా దగ్గర సాక్ష్యం ఏముంది? అచ్చులో ఉన్న పేరు కూడా నాదే.

యుద్ధం ముగిసిన ఏడాది, దసరా రోజుల్లో, మైసూరు ఉత్సవాలు చూసుకుని తిరిగి వెళ్తున్న ఒక పెద్దమనిషి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. కోస్తాలో ఒక కాలేజీలో తెలుగు చెప్తాడట. పత్రికలో నా కథలు చదివాడట. నేను పిల్లకు స్నానం చేయిస్తున్నాను. మా అత్తగారే తలుపు తీసింది.

"రండప్పా, కూచోండి. మా కోడలు బచ్చలింట్లో ఉండాది, ఇప్పుడే వస్తాది. కాఫీ తాగుతారా?"

నేను చేతులు తుడుచుకుని వచ్చేసరికి ఆయన బల్లమీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. మా అత్తగారు కొంచెం దూరంలో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆయన నా కథలను మెచ్చుకున్నాడు. మూడో కథలోని కరుణరసం గురించి విడమరిచి చెప్పాడు. చివరికి గొంతు సవరించుకుని అసలు విషయానికి వచ్చాడు.

"ఒక్కటే లోపం, ఏమీ అనుకోకండి. ఆ అత్తగారి భాష మీ కల్పన అని ఇట్టే తెలిసిపోతోంది. ఉండాది, ఉండారు అని ఎక్కడైనా మనుషులు మాట్లాడతారా? పాత్ర సహజంగా ఉండాలంటే భాష సహజంగా ఉండాలి కదమ్మా. నాలుగు ఊళ్ళు తిరిగి, నిజమైన మనుషులు మాట్లాడేది వినాలి."

"అట్ల మాట్లాడేవాళ్ళు ఉండారప్పా" అంది మా అత్తగారు గోడ దగ్గర నుంచి. "శానామంది ఉండారు."

ఆయన ఆమెవైపు చూసి పెద్దమనసుతో నవ్వాడు. తర్వాత నావైపు వంగి, గొంతు తగ్గించి, "మీ అత్తగారు కన్నడిగులు కాబోలు. అయినా తెలుగు చాలావరకు పట్టుకున్నారు, పాపం" అన్నాడు.

అప్పటికి నేను ఆ ఇంటికి వచ్చి మూడేళ్ళు దాటింది. చెప్పాల్సినవన్నీ ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి: ఆవిడ తెలుగు ఎన్ని తరాల నాటిదో, ఆయన మెచ్చిన కథ ఎవరిదో, ఆయనకు పనికిరాకపోయిన ఆ వరసను చాపమీద కూర్చుని నేను ఎలా నేర్చుకున్నానో. నోరు తెరిచాను. ఆ గొంతు తగ్గించిన మాట మా అత్తగారికి వినబడనే వినబడింది. నాకంటే ముందు ఆమే మాట్లాడింది.

"అవునప్పా. మా కోడలే నేర్పించింది."

ఆయన చాలా సంతోషించాడు. భాషాసేవ అంటే ఇదీ అన్నాడు. నేను కథలకంటే ఇంట్లో చేస్తున్న పనే గొప్పదన్నాడు. రెండో కప్పు కాఫీ తాగి, మా పాపను ఆశీర్వదించి, మా అత్తగారితో ఒక్కో మాటా విడివిడిగా పలుకుతూ, "వెళ్ళి – వస్తా – నమ్మా" అని సెలవు తీసుకున్నాడు.

"ఎందుకట్లా అన్నారు?" అని అడిగాను తలుపు వేశాక.

"పోనీలే. అంత దూరం నుంచి వచ్చినాడు, స్వల్ప సంతోషంగా పోనీ" అంది. కప్పు తీసుకుని లోపలికి పోతూ, "ఆయన కూడా కథలు రాస్తాడా?" అంది.

"లేదు, పాఠాలు చెప్తాడు."

"అదే అనుకుంటిని."

ఆ తర్వాత మూడేళ్ళలో ఆమె ఇంకో నాలుగు కథలు చెప్పింది, నేను రాశాను. అన్నీ నా పేరుతోనే అచ్చయ్యాయి. వాటిని మెచ్చుకుంటూ వచ్చిన ఉత్తరాలు నాచేత చదివించుకుని వినేది. భాష బాగాలేదంటూ వచ్చినవాటిని మాత్రం నా చేతికి ఇచ్చేది కాదు. కిటికీ దగ్గర చాప పరుచుకుని, వేలుపెట్టి కూడబలుక్కుంటూ తనే చదువుకునేది. మధ్యలో ఎక్కడైనా వ్యాకరణదోషం తగిలితే నన్ను పిలిచి చూపించేది.